ఎడ్వర్డ్ అనే పేరుకి అసలు అర్థం ఏంటి? నెడ్, టెడ్ దాన్నుంచి ఎలా వచ్చాయి?

మంచుపొగ:
అందరికీ నమస్తే. నాదో డౌటు, కొంచెం నవ్వులపాలైన డౌటు. ఇంగ్లండ్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ నెడ్ అంటారు, నేనూ నెడ్ అనే అంటాను. మెయిల్స్‌లో మాత్రం ఎడ్వర్డ్ అని ఒకాయన తెగ రాస్తుంటాడు, చాలా మర్యాదగా, ప్రతి మెయిల్ కిందా థాంక్స్ చెప్పి మరీ. ఈయనెవరో వేరే ఫ్లోర్‌లో ఉంటాడేమో అనుకుంటూ నాలుగు నెలలు గడిపేశా. ఒకరోజు ఉండబట్టలేక నెడ్ దగ్గరికే వెళ్లి ఈ ఎడ్వర్డ్ గారు ఎక్కడ కూర్చుంటారు, ఒకసారి పరిచయం చేయండి అన్నా. ఆయన ఏమీ అనకుండా కుర్చీలోంచి లేచి, కోటు సర్దుకుని, నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇక ఆ రోజు మొత్తం నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

పక్క టీమ్‌లో ఇంకో ఎడ్వర్డ్ ఉన్నాడు, ఆయన్నేమో టెడ్ అంటారు. అసలు ఎడ్వర్డ్‌లో న అనే అక్షరమే లేదు కదా, నెడ్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? పేర్ల సైట్లు చూస్తే అన్నీ ఒకే మాట రాశాయి, ధనానికి కాపలాదారు అని. రాజులు కోరి కోరి కొడుకులకి వాచ్‌మన్ పేరు పెట్టుకున్నారా? ఇంకోటి, ఒకటో ఎడ్వర్డ్ 1272లో రాజయ్యాడని రాశారు, మరి 1066లో చనిపోయిన ఎడ్వర్డ్ ఎన్నోవాడు? సున్నానా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గాలివాటం:
కోటు సర్దుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చాడు చూడు బ్రో, అక్కడ పడిపోయా 😂 అర్థం సంగతి నాకు తెలీదు గానీ టెడ్డీ బేర్ వచ్చింది మాత్రం ఈ ఎడ్వర్డ్ నుంచే, ఏడో ఎడ్వర్డ్‌ని జనం ముద్దుగా టెడ్డీ అనేవాళ్లు, ఆయన పేరు మీదే బొమ్మ.

పుస్తకాలపురుగు:
గాలివాటం తమ్ముడూ, టెడ్డీ బేర్ ఆయనది కాదు. అది అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్‌ది. 1902 నవంబర్‌లో మిసిసిపీలో వేటకెళ్తే, చెట్టుకి కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడానికి ఆయన ఒప్పుకోలేదు, దాని మీద పేపర్లో కార్టూన్ పడింది, ఆ తర్వాత బొమ్మ వచ్చింది. టెడ్డీ అనేది ఎడ్వర్డ్‌కీ థియోడర్‌కీ ఇద్దరికీ చెల్లుతుంది, అక్కడే అందరూ పొరబడతారు. పైగా ఏడో ఎడ్వర్డ్‌ని ఇంట్లో పిలిచింది బెర్టీ అని, ఎందుకంటే ఆయన అసలు పేరు ఆల్బర్ట్ ఎడ్వర్డ్. మీకు ఎడ్వర్డ్ నుంచే వచ్చిన టెడ్డీ కావాలంటే 1950ల నాటి టెడ్డీ బాయ్స్ ఉన్నారు, పొడుగు కోట్లు వేసుకుని తిరిగిన లండన్ కుర్రాళ్లు. వాళ్ల డ్రెస్సు ఏడో ఎడ్వర్డ్ కాలపు ఫ్యాషన్‌ని చూసి కుట్టించుకున్నది కాబట్టి ఆ పేరు.

ఇక అర్థం. మంచుపొగ గారూ, సైట్లు రాసింది తప్పని అనను, కానీ సగమే. పాత ఇంగ్లీషులో అది రెండు ముక్కలు, ఎఅద్, వెఅర్ద్. మొదటి ముక్కకి ధనం అని ఒక్క మాటలో రాసేస్తారు గానీ దాని వెడల్పు ఎక్కువ, కలిమి, అదృష్టం, సుఖంగా ఉండటం, దేవుడి దయ ఉండటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన సిరి అనే మాట పెట్టి చూడండి, చక్కగా కూర్చుంటుంది. ఇప్పటి ఇంగ్లీషులో ఆ మాట చచ్చిపోయింది, పేర్లలో మాత్రమే మిగిలింది.

రెండో ముక్క మాత్రం చావలేదు, మీరు రోజూ వాడుతున్నారు. వార్డ్ అదే. గార్డ్ కూడా అదే, కాకపోతే జర్మానిక్ వకారం ఫ్రెంచివాళ్ల నోట్లో పడి గకారంగా మారి ఇంగ్లీషులోకి వచ్చింది. అందుకే ఇంగ్లీషులో ఇలాంటివి జంటలు జంటలుగా దొరుకుతాయి, వార్డెన్ గార్డియన్, వారంటీ గ్యారంటీ. మనం కొన్న ఫ్రిజ్‌కి వారంటీయా గ్యారంటీయా అని కొట్లాడుకుంటాం కదా, పుట్టుకలో రెండూ ఒకటే మాట 😀

వాచ్‌మన్ అన్నారు కదా, దానికి ఇంకోటి చెప్తా. లార్డ్ అనే మాట విప్పితే ఏమొస్తుందో తెలుసా? హ్లాఫ్‌వెఅర్ద్. హ్లాఫ్ అంటే రొట్టె, ఇప్పటి లోఫ్. అంటే లార్డ్ అంటే రొట్టెకి కాపలాదారు. లేడీ అంటే రొట్టెపిండి పిసికే ఆవిడ. స్టివర్డ్ చివర ఉన్నది కూడా ఈ వెఅర్దే. ఇంట్లో తిండీ, డబ్బూ ఎవరి చేతికింద ఉంటే వాళ్లే పెద్ద, ఆ కాలంలో కాపలా కాయడం అంటే గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చోవడం కాదు, ఏలడం. పాలించడం అనే మాటలో మనకీ కాపాడటం ఉంది కదా, అదీ అలాంటిదే. కాబట్టి ఎడ్వర్డ్‌ని తెలుగు చేయాల్సొస్తే నేనైతే ధనపాలుడు అంటా, వాచ్‌మన్ అనను.

కానీ అసలు సంగతి వేరే ఉంది, ఆ కాలంలో తల్లిదండ్రులు అర్థం చూసి మొత్తం పేరుని ఎంచుకునేవాళ్లు కాదు. ముక్కలు ఉండేవి, వాటిని అటూ ఇటూ అతికించేవాళ్లు. వుస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్ అని ఒక పునీతుడు ఉన్నాడు, ఆయన తల్లి వుల్ఫ్‌గివు, తండ్రి ఎథెల్‌స్టన్. తల్లి నుంచి వుల్ఫ్, తండ్రి నుంచి స్టన్, కలిపితే వుల్ఫ్‌స్టన్. తోడేలు, రాయి. తోడేలు రాయి అంటే ఏంటి అని అడిగితే ఏమీ లేదు, అమ్మా నాన్నా అంతే. మనం ఇప్పుడు అమ్మ పేరులో రెండక్షరాలు నాన్న పేరులో రెండక్షరాలు కలిపి పిల్లలకి కొత్త పేర్లు పుట్టించట్లేదూ, ఆ పని వాళ్లు వెయ్యేళ్ల కిందట చేశారు.

పాతనాణెం:
పురుగు గారు ముక్కల సంగతి చెప్పారు కాబట్టి నాకు పని తగ్గింది. ఎఅద్ ముక్కని నార్మన్లకి ముందు ఇంగ్లండ్‌ని ఏలిన వెసెక్స్ రాజవంశం ఎలా వాడిందో చూడండి. ఆల్ఫ్రెడ్ రాజు కొడుకు ఎడ్వర్డ్, 899 నుంచి 924 దాకా ఏలాడు, పెద్ద ఎడ్వర్డ్ అంటారు. ఆయన తర్వాత కొడుకు ఎథెల్‌స్టన్. 939లో ఎథెల్‌స్టన్ పోయాక వరసగా వచ్చిన రాజులు వీళ్లు: ఎడ్మండ్, ఎడ్రెడ్, ఎడ్విగ్, ఎడ్గర్, ఎడ్వర్డ్. ఐదుగురికి ఐదుగురూ ఎడ్డే! 978 వరకూ ఇదే తంతు. ఎడ్మండ్ అంటే సిరి రక్ష, ఎడ్గర్ అంటే సిరి ఈటె, ఈ రాజుల వరసలో లేని ఎడ్విన్ తీసుకుంటే సిరి స్నేహితుడు. ఆడపిల్లల్లో ఈడిత్, అందులో రెండో ముక్క యుద్ధం. సిరి యుద్ధం అని ఆడపిల్లకి పేరు 🙂 ఇంటిపేర్లు లేని రోజుల్లో మొదటి ముక్క వినగానే ఇది ఫలానా ఇంటి పిల్ల అని తెలిసేది, దాని పని అదే.

నాకు పాత నాణేల పిచ్చి, ఐడీ చూస్తే తెలిసిపోతుంది. కొనే స్తోమత లేదు, మ్యూజియంలో అద్దం మీద ముక్కు ఆనించి చూడటమే. 1042 నుంచి 1066 దాకా ఏలిన ఎడ్వర్డ్ వెండి పెన్నీలు గోరంత పల్చగా ఉంటాయి, అంచు చుట్టూ రాజు పేరు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఎడ్‌పెర్డ్ అని కనిపించింది. ఇదేంట్రా తప్పు కొట్టారా అనుకున్నా. తర్వాత తెలిసింది, అది పకారం కాదు, పాత ఇంగ్లీషులో వకారానికి విన్ అని ఒక అక్షరం ఉండేది, రూన్ లిపి నుంచి తెచ్చుకున్నది, చూట్టానికి అచ్చం రోమన్ పీ లాగే ఉంటుంది. ఆ తర్వాతి కాలంలో దాని చోటు డబుల్యూ తీసుకుంది. అంటే నాణెం మీద పేరు సరిగ్గానే ఉంది, నా కళ్లే తప్పు.

అయితే మంచుపొగ గారు అడగని ప్రశ్న ఒకటుంది, నాకైతే అదే ముఖ్యం. ఎథెల్‌స్టన్‌లు, లెఓఫ్రిక్‌లు, వుల్ఫ్‌స్టన్‌లు అందరూ ఏమైపోయారు, ఎడ్వర్డ్ ఒక్కడే మీ ఆఫీసు దాకా ఎలా వచ్చాడు? 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచారు, ఇక విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ, ఇవే పేర్లు. ఇంగ్లీషు పేరు ఉండటం పల్లెటూరి బైతుతనం అయిపోయింది. ఒకటో హెన్రీ 1100లో పెళ్లాడిన పిల్ల పేరు ఈడిత్, పాత ఇంగ్లీషు రాజవంశపు రక్తం ఉన్న పిల్ల, రాణి అయ్యాక ఆమె మటిల్డా అయిపోయింది. అయినా ఊరుకున్నారా? నార్మన్ ప్రభువులు రాజునీ రాణినీ గోడ్రిక్, గోడ్‌గివు అని ఎగతాళి చేశారు. అవి మామూలు ఇంగ్లీషు పేర్లే, తిట్లేమీ కాదు, పేరు వినబడితే చాలు నవ్వుకునే స్థితి అన్నమాట. అలాంటి చోట ఎడ్వర్డ్ బతికి బట్టకట్టడానికి అర్థం కారణం కాదు, ఒక చచ్చిపోయిన రాజు కారణం.

మంచుపొగ:
వామ్మో, నేను రెండు లైన్ల జవాబు వస్తుందనుకున్నా. చచ్చిపోయిన రాజు అంటే ఆ 1066 ఆయనేనా? కన్ఫెసర్ అంటారు కదా, అంటే జనం పాపాలు చెప్పుకుంటే వినేవాడా? రాజుకి ఆ పనెందుకు? నెడ్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు, మర్చిపోకండి.

పాతనాణెం:
ఆయనే. కానీ పాపసంకీర్తనం వినేవాడు కాదు, అందరూ పడే పొరపాటే ఇది. విశ్వాసం కోసం చంపబడితే వేదసాక్షి. చంపబడకుండా, మామూలుగా మంచం మీద పోయి పునీతుడైతే కన్ఫెసర్. 978లో కోర్ఫ్ దగ్గర హత్యకి గురైన కుర్ర ఎడ్వర్డ్ ఉన్నాడుగా, ఆయన వేదసాక్షి ఎడ్వర్డ్. ఇద్దరూ ఎడ్వర్డ్‌లే, ఇద్దరూ రాజులే, ఇద్దరూ పునీతులే, అందుకే ఆ బిరుదులు అతికించారు.

ఈ కన్ఫెసర్ ప్రత్యేకత ఏంటంటే రెండు వైపులవాళ్లకీ కావాల్సినవాడు. తల్లి ఎమ్మా నార్మండీ ఆడపడుచు, డెన్మార్క్ నుంచి దండెత్తి వచ్చిన డేన్ల దెబ్బకి పారిపోయి పాతికేళ్లు నార్మండీలోనే పెరిగాడు. పిల్లలు లేరు. 1066 జనవరి 5న పోయాడు, ఆ ఏడాదే నార్మన్ల నాయకుడు విలియం వచ్చి, కిరీటం నాకిస్తానని ఎడ్వర్డ్ మాటిచ్చాడు అని వాదించాడు. అంటే నార్మన్ల హక్కంతా ఈయన మీద ఆధారపడి ఉంది, ఈయన పేరుని ఎగతాళి చేస్తే వాళ్ల కాళ్లు వాళ్లే నరుక్కున్నట్టు. ఇంగ్లీషువాళ్లకేమో ఆయన మా రాజు. 1161లో పోప్ పునీతుణ్ణి చేశాడు. ఆ తర్వాత మూడో హెన్రీకి ఈయనంటే వల్లమాలిన భక్తి, 1245 నుంచి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిని మళ్లీ కట్టించడం మొదలుపెట్టింది ఈయన కోసమే. 1239లో కొడుకు పుడితే ఎడ్వర్డ్ అని పెట్టుకున్నాడు, రెండోవాడికి ఎడ్మండ్, అదీ ఇంకో ఇంగ్లీషు పునీతుడి పేరే. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే రాజు కొడుక్కి నూటడెబ్బై ఏళ్లుగా సింహాసనం ఎక్కని మోటు ఇంగ్లీషు పేరు! ఆ పిల్లాడే మీ ఒకటో ఎడ్వర్డ్. రాజు పెట్టుకుంటే ప్రభువులు పెట్టుకుంటారు, ప్రభువులు పెడితే ఊరంతా పెడుతుంది. హెన్రీ గారికి ఇంకో పునీతుడు నచ్చి ఉంటే ఎడ్వర్డ్ కూడా లెఓఫ్రిక్ దారినే పోయేవాడని నా అభిప్రాయం.

పుస్తకాలపురుగు:
పాతనాణెం గారి చివరి మాటకి కొంచెం అడ్డం పడతా, పునీతుడయ్యాక ఎలాగూ కొంతమంది పెట్టుకునేవాళ్లు, పూర్తిగా పోయేది కాదు, ఏ ఆల్ఫ్రెడ్‌లాగో అరుదుగా ఉండి విక్టోరియా కాలంలో తిరిగి లేచేదేమో. సరే, నెడ్.

పాత ఇంగ్లీషువాళ్లు అచ్చు ముందు మై అనకుండా మైన్ అనేవాళ్లు. పిల్లాణ్ణి ముద్దుగా మైన్ ఎడ్ అంటే నా ఎడ్డు. మైన్ ఎడ్, మైన్ ఎడ్ అని రోజుకి వందసార్లు అంటుంటే చెవికి ఏం వినపడుతుంది? మై నెడ్. నకారం అటు పక్క ఇంటి నుంచి ఇటు పక్క ఇంట్లోకి దూరింది. అంతే కథ. ఎల్లెన్ నెల్ అయింది అలాగే, ఆన్ నాన్ అయింది అలాగే. ఇంకా తమాషా, నిక్‌నేమ్ అనే మాట పుట్టింది కూడా సరిగ్గా ఇలాగే. అసలు మాట ఈక్‌నేమ్, అంటే అదనపు పేరు. ఆన్ ఈక్‌నేమ్ అనీ అనీ అ నీక్‌నేమ్ అయి కూర్చుంది. అంటే నెడ్ ఒక నిక్‌నేమ్, నిక్‌నేమ్ అనే మాటా నెడ్ లాంటిదే. ఎదురుగా వెళ్లినవీ ఉన్నాయి, వంటప్పుడు కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్, దాని నకారాన్ని ముందున్న అ లాక్కుంది. క్రికెట్ అంపైర్ కూడా అసలు నంపైరే, బ్యాట్స్‌మన్లు తిట్టుకోవడానికి వీలుగా మారినట్టుంది 😀

టెడ్ మాత్రం వేరే రకం, అందులో మైన్ గొడవ లేదు. ఇంగ్లీషువాళ్లకి ముద్దుపేర్ల మొదటి అక్షరం మార్చి ప్రాస కట్టే అలవాటు ఉంది, విల్ బిల్, రాబ్ బాబ్, రిక్ డిక్, అలాగే ఎడ్ ముందు టకారం చేర్చారు. ఆస్ట్రేలియాలో ఇనప కవచం తొడుక్కుని పోలీసులతో తలపడి 1880లో ఉరెక్కిన నెడ్ కెల్లీ అసలు పేరు కూడా ఎడ్వర్డే.

రాత్రిబండి:
ఆలస్యంగా వచ్చా, నంబర్ల సంగతి మిగిలిపోయింది కదా అది నేను చెప్తా. లెక్క 1066 తర్వాత నుంచి. అప్పట్లో రాజుని ఎడ్వర్డ్ రాజు అంటే చాలు, ఇంకెవరూ లేరుగా. ఇబ్బంది ఎప్పుడొచ్చిందంటే తండ్రి ఎడ్వర్డ్, కొడుకు ఎడ్వర్డ్, మనవడు ఎడ్వర్డ్, 1272 నుంచి 1377 దాకా నూటఐదేళ్లు ముగ్గురూ వరసగా ఒకే పేరు, అప్పుడు గుమాస్తాలకి పిచ్చెక్కి, గెలుపు తర్వాత మూడో ఎడ్వర్డ్ అని రాయడం మొదలైంది. గెలుపు అంటే నార్మన్ల గెలుపు. తర్వాత ఆ తోక రాలిపోయి నంబర్ మిగిలింది. కాబట్టి మీ సున్నా ఎడ్వర్డ్‌లు ఒకరు కాదు, ముగ్గురు.

వెస్ట్‌మినిస్టర్ ఆబీకి నేను వెళ్లా, మెయిన్ ఆల్టర్ వెనకాల ఎత్తు మీద కన్ఫెసర్ సమాధి ఉంది, మామూలు టికెట్‌తో అక్కడికి ఎక్కనివ్వరు, వెర్జర్ అనే ఆబీ ఉద్యోగి వెంట వెళ్లే టూర్ తీసుకోవాలి. నేను తీసుకున్నా. సమాధి కింది రాతిలో రెండు పక్కలా గూళ్లు తొలిచి ఉన్నాయి, రోగాలున్నవాళ్లు వచ్చి వాటిలోకి దూరి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్లట, ఎంత దగ్గరైతే అంత గుణం అని. దానికి కొంచెం పక్కనే ఒకటో ఎడ్వర్డ్ సమాధి, అంత పెద్ద రాజుది బొమ్మా గిమ్మా ఏమీ లేని నల్లరాతి పెట్టె. దాని మీద లాటిన్‌లో స్కాట్‌లపై సమ్మెట అనీ, ఆడిన మాట నిలబెట్టుకో అనీ రాసి ఉంది. లాంగ్‌షాంక్స్ అనేవాళ్లు కదా, పొడుగు కాళ్లోడు అని, 1774లో పెట్టె తెరిచి కొలిస్తే 6 అడుగుల 2 అంగుళాలు వచ్చింది, అంటే ఆ ముద్దుపేరు ఉత్తినే పెట్టలేదు.

ఇంకో ముక్క. పోర్చుగీసులో దుఆర్తె అనే పేరు విన్నారా? అది ఎడ్వర్డే! పోర్చుగల్ రాజు దుఆర్తె, 1433 నుంచి 1438, వాళ్లమ్మ ఫిలిప్పా ఇంగ్లీషు ఆడపడుచు, మూడో ఎడ్వర్డ్‌కి మనవరాలు, ముత్తాత పేరు పిల్లాడికి పెట్టింది. ముందు అచ్చు రాలిపోయి, వకారం ఉకారమై, గుర్తుపట్టలేకుండా అయిపోయింది పాపం.

ఎనిమిదో ఎడ్వర్డ్ సంగతి చెప్పకపోతే బాగోదు. ఆయనకి ఏడు పేర్లు, చివరి నాలుగూ జార్జ్, ఆండ్రూ, పాట్రిక్, డేవిడ్, నాలుగు దేశాల పునీతులు. ఇంట్లో పిలిచింది ఆఖరిదాంతో, డేవిడ్ అని. ఎడ్వర్డ్‌గా ఉన్నది 1936లో ఏడాది కూడా నిండకుండా, పట్టాభిషేకం కాకుండానే దిగిపోయాడు.

గాలివాటం:
టెడ్డీ బేర్ మీద నా పరువు పోయింది కాబట్టి ఇంకోటి ట్రై చేస్తా, కింగ్ ఎడ్వర్డ్ అని ఇంగ్లండ్‌లో బంగాళాదుంప రకం ఉంది, అది ఏడో ఆయన పేరేనా? ఈసారైనా కరెక్టేనా చెప్పండి పురుగు అన్నా.

పుస్తకాలపురుగు:
ఈసారి కరెక్టే తమ్ముడూ. 1902, ఆయన పట్టాభిషేకం జరిగిన ఏడాది.

మంచుపొగ:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. ఇవాళ టీ టైమ్‌లో ధైర్యం చేసి నెడ్‌నే అడిగా, మీకు నెడ్ అని ఎవరు పెట్టారు అని. వాళ్ల నాన్న పేరు కూడా ఎడ్వర్డేనట, ఆయన్ని టెడ్ అనేవాళ్లట, తాత ఎడ్డీ. ఇంట్లో ఒక కేకేస్తే ముగ్గురు పలక్కుండా ఉండాలని వాళ్లమ్మ ఈయన్ని నెడ్ చేసింది. మైన్ ఎడ్ కథ చెప్తే ఆయనకి తెలియదట, పేపర్ నాప్‌కిన్ మీద రాయించుకున్నాడు. మరి మీ అబ్బాయి పేరేంటి అంటే హెన్రీ అన్నాడు. ఎడ్వర్డ్ పెట్టలేదేం అంటే, చిన్నపేర్లు అయిపోయాయి అన్నాడు.

పాతనాణెం:
హెన్రీని హారీ అంటారు, పైగా ఇంగ్లండ్‌లో హారీనే పాతది, హెన్రీ అని పలకడం తర్వాత వచ్చింది. నెడ్ గారికి ఇంకో నాప్‌కిన్ రెడీ చేసుకోమనండి.